అరమార్కు, అరజీతం

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. నాకు 29 ఏళ్లు. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసి, ఆరేళ్లుగా మల్కాజిగిరిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో 8, 9, 10 తరగతులకు లెక్కలు చెప్తున్నాను. జీతం 22 వేలు. మే నెలలో సగమే ఇస్తారు. పీఎఫ్ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరిన రోజే తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు. రూము కిరాయి 7,500, ఇంటికి 6 వేలు పంపుతాను. 2024 డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూలు టీచరు పోస్టు అరమార్కుతో పోయింది. మా బావ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ‘బతకలేక బడిపంతులు అని ఊరికే అనలేదు, అమీర్‌పేటలో మూణ్నెల్ల కోర్సు చెయ్, మిగతాది నేను చూసుకుంటా’ అంటున్నాడు. సంబంధాలకు వచ్చినవాళ్లు ‘ప్రైవేటు టీచరా’ అని అక్కడితో ఆగిపోతున్నారు. మొన్న తొమ్మిదో తరగతిలో, ఏడాదంతా నోరు విప్పని ఒకమ్మాయి లేచి ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది సార్’ అని అడిగింది. పీరియడంతా దాని మీదే గడిచింది. చివర్లో ఆ పిల్ల మొహం చూశాక ఆ రోజు మధ్యాహ్నం అన్నం సంగతే మర్చిపోయాను. ఈ పనిలో ఉండి జీతం గురించి అడగడం తప్పేమో. అయినా అడుగుతున్నాను. ఉండాలా, వదిలేయాలా?

సమాధానం: బాబూ, నా దగ్గర చదివిన పిల్లల వయసు నీది. నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఉత్తరంలో అన్నిటికన్నా నన్ను ఆపింది 22 వేలు కాదు, అరమార్కూ కాదు. ‘జీతం గురించి అడగడం తప్పేమో’ అన్న మాట. మేస్త్రీ కూలి చెప్పేటప్పుడు తప్పేమో అనుకోడు. డాక్టరు ఫీజు తీసుకునేటప్పుడు అనుకోడు. టీచరు మాత్రం జీతం మాట ఎత్తాలంటే గొంతు తగ్గిస్తాడు. ఇది నీకు పుట్టుకతో వచ్చింది కాదు, నేర్పించారు. ‘పవిత్రమైన వృత్తి’ అని సెప్టెంబర్ 5న శాలువా కప్పుతారు. ఆ పవిత్రతనే మే నెలలో సగం జీతానికి కారణంగా చూపిస్తారు. అదే మే నెల ఎండలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారు. తక్కువ జీతం తీసుకుంటేనే మంచి టీచరు అన్న నమ్మకం నీలో కొంచెమైనా ఉంటే ముందు దాన్ని తీసెయ్యి. ఎందుకు తీసెయ్యాలో నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి చెప్తాను.

1985లో నేను స్పెషల్ టీచరుగా ఉద్యోగంలో చేరాను. మా తరం టీచర్లెవరినైనా అడుగు, ‘398’ అంటే చాలు, ఇంక వివరం అక్కర్లేదు. నెలకు 398 రూపాయలు, అంతే. నల్గొండ జిల్లాలో బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడవాల్సిన ఊరు. ఆ బడిలో నాతో పాటు ఇంకో 398 మాస్టారు ఉండేవారు. ఆయన భిన్నాలు చెప్తుంటే నేను నా క్లాసు వదిలి గుమ్మంలో నిలబడి వినేదాన్ని. మధ్యాహ్నానికని తెచ్చుకున్న జొన్నరొట్టెను పిల్లల ముందు పెట్టి సగం చేసేవారు, ఆ సగాన్ని మళ్లీ సగం చేసేవారు. ‘ఇప్పుడు నా చేతిలో ఎంతుంది?’ అనేవారు. పిల్లలు ‘పావు’ అని అరిచేవారు. ‘పావుకు పావు కలిపితే?’ అని రెండు ముక్కలూ కలిపి పట్టుకుంటే వెనక వరసలో వాడు కూడా ‘సగం’ అనేవాడు. పాఠం అయ్యాక ఆ రొట్టె పిల్లలే తినేసేవారు.

ఆయనకు ముగ్గురు పిల్లలు, మంచంలో తల్లి. మూడో ఏడు వచ్చేసరికి ఆయన చిట్టీలు నడపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత అదే గుమ్మంలోంచి నేను చూసింది, బోర్డు మీద ‘ఎక్కాలు 2 నుంచి 16 వరకు రాయండి’ అన్న ఒక్క లైను, కుర్చీలో చిట్టీ పుస్తకం తెరుచుకుని కూడికలు వేసుకుంటున్న మనిషి. పిల్లలు తలలు వంచి రాసుకుంటున్నారు. రొట్టె లేదు. ఆయన చెడ్డవాడైపోలేదు, బాబూ. ఇంట్లో మందులకు డబ్బు కావాలి. తక్కువ జీతం టీచరును త్యాగమూర్తిని చేస్తుందని ఎవరన్నా అంటే నాకు ఆ గుమ్మమే కనిపిస్తుంది. జీతం చాలకపోతే ముందు టీచరు ఇల్లు నష్టపోతుంది. ఆ తర్వాత నష్టపోయేది పాఠం.

అందుకే నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఈ పనిలో ఉండు. ఆ స్కూల్లో మాత్రం కాదు, ఆ జీతానికి కాదు, గడువు పెట్టుకోకుండా అసలే కాదు.

‘టీచర్ ఉద్యోగంలో డబ్బు లేదు’ అన్న మాటను కొంచెం విడదీద్దాం. అదే ఎమ్మెస్సీ, అదే బీఈడీ, అదే పదో తరగతి లెక్కలు. తెలంగాణలో ప్రభుత్వ స్కూల్ అసిస్టెంట్‌గా చేరితే 2020 పీఆర్సీ (వేతన సవరణ) స్కేలు 42,300 దగ్గర మొదలై 1,15,270 వరకు వెళ్తుంది. హైదరాబాద్‌లో పోస్టింగయితే 24 శాతం ఇంటద్దె అలవెన్సు, అంటే 10,152. కరువు భత్యం (డీఏ) కలపకముందే 52 వేలు దాటింది. సూర్యాపేటలో ఆ అలవెన్సు తగ్గుతుంది, కిరాయీ తగ్గుతుంది. గురుకులాల్లో టీజీటీకి (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) ఇదే స్కేలు, పీజీటీకి (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) 45,960తో మొదలు. కేంద్రీయ విద్యాలయంలో టీజీటీ మూలవేతనం 44,900. కాబట్టి డబ్బు లేనిది లెక్కలు చెప్పే పనిలో కాదు, నువ్వు నిలబడి ఉన్న గేటు లోపల. ప్రభుత్వ ఉద్యోగమంటే జీవితాంతం నిశ్చింత అన్న మాట మాత్రం పాతది. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లకు మాకొచ్చినట్టు పాత పెన్షన్ రాదు, జీతంలోంచి కూడా కోసి కూడబెట్టే సీపీఎస్సే. అది తెలుసుకునే వెళ్లు.

అయితే ఆ గేట్లు ఎంత ఇరుకో నీకు నేను చెప్పనక్కర్లేదు. 2017లో 8,792 పోస్టులకు టీఆర్‌టీ (అప్పట్లో డీఎస్సీకి పెట్టిన పేరు) నోటిఫికేషన్ పడింది, పరీక్ష 2018లో జరిగింది. ఆ తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2024లో. మధ్యలో ఆరేళ్లకు పైనే. ఆ ఏళ్లలో చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద, అవనిగడ్డ కోచింగ్ రూముల్లో ఎంతమంది వయసు కరిగిపోయిందో నాకు తెలుసు. వాళ్లలో నా దగ్గర చదివిన పిల్లలూ ఉన్నారు. 2024లో 11,062 పోస్టులంటే పెద్ద సంఖ్యలాగే వినిపించింది. అందులో 6,508 ఎస్జీటీలు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లు. బీఈడీ వాళ్లు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాక ఆ ద్వారం నీకు మూసుకుంది. నీకు మిగిలింది స్కూల్ అసిస్టెంట్లు, అన్ని సబ్జెక్టులూ అన్ని జిల్లాలూ కలిపి 2,629. అందులో నీ జిల్లా, నీ సబ్జెక్టు, నీ రిజర్వేషన్ రోస్టర్ చూసుకుంటే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అక్కడ అరమార్కు దాకా వచ్చావంటే నీకు చదువు రాలేదని కాదు.

ఆ అరమార్కు దగ్గర కొంచెం కూర్చుందాం, ఎందుకంటే నీ దారి అక్కడే ఉందని నా నమ్మకం. డీఎస్సీ పరీక్ష 80 మార్కులకు, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ 20కి. టెట్ 150 మార్కులది. అంటే టెట్‌లో ఏడున్నర మార్కులు పెరిగితే డీఎస్సీలో ఒక మార్కు. నీకు పోయిన అరమార్కు విలువ టెట్‌లో నాలుగు మార్కులు కూడా కాదు. నీ టెట్ స్కోరెంతో నువ్వు రాయలేదు. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, టెట్ అర్హత మార్కు దాటగానే ‘క్వాలిఫై అయ్యాం’ అని సర్టిఫికెట్ లోపల పెట్టేస్తారు. దాని గడువు ఇప్పుడు జీవితకాలం కాబట్టి మళ్లీ రాయరు. నువ్వు 95 దగ్గర ఉన్నావనుకో, 125కు తెచ్చుకుంటే డీఎస్సీకి కూర్చోకముందే 4 మార్కులు అదనంగా చేతిలో ఉంటాయి. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు. టెట్ మాత్రం ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు పెడుతున్నారు. ఎదురుచూపు కాలాన్ని దేనికి వాడుకోవాలి అంటే దీనికి వాడుకో. లెక్కలు నీకు వచ్చు. మార్కులు పోయేది సైకాలజీ, తెలుగు, ఇంగ్లీషు, సైన్స్ భాగాల్లో. ఎనిమిదో తరగతి సైన్స్ పుస్తకం మీ స్కూల్లో సైన్స్ టీచరు టేబుల్ మీదే ఉంటుంది, రోజుకు ఒక పాఠం అడిగి తెచ్చుకో.

కేంద్రం పెట్టే టెట్, సీటెట్ కూడా రాయి. కేంద్రీయ విద్యాలయాల టీజీటీకి వయోపరిమితి 35, నీకింకా టైముంది. మన డీఎస్సీకి 2024లో 46 ఏళ్ల దాకా అవకాశమిచ్చారు. వయసైపోతోందన్న కంగారు సంబంధాల వాళ్లది, పరీక్షలది కాదు.

ఒక్కటి మాత్రం చేయకు. ఉద్యోగం మానేసి కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్‌లో రూము తీసుకుని కూర్చోకు. పరీక్ష జరగని అన్నేళ్లు మళ్లీ రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంటికి పంపే 6 వేలు ఆగితే మీ అమ్మానాన్నలు అడగరు, కానీ నువ్వు పుస్తకం తెరిచినప్పుడల్లా అదే కనిపిస్తుంది.

ఇప్పుడు నీ స్కూలు సంగతి. 1994 జనవరిలో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు బడుల కోసం జీవో నంబర్ 1 ఇచ్చింది. వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకు పోవాలని, ఇంకో 15 శాతం వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ (ఏళ్లు పనిచేసి వదిలేటప్పుడు ఒకేసారి ఇచ్చే డబ్బు), బీమా లాంటివాటికి ఉంచాలని, యాజమాన్యం తీసుకోవాల్సింది 5 శాతమని అందులో ఉంది. కాగితం మీద ఉన్నది బడిలో ఎంతవరకు నడుస్తోందో నీకు తెలుసు. అయినా ఈ లెక్క ఒకసారి వేసి చూడు. ఒక సెక్షన్లో 40 మంది, ఫీజు ఏడాదికి 36 వేలు అనుకుందాం. 14 లక్షల 40 వేలు. అందులో సగం 7 లక్షల 20 వేలు. సెక్షన్‌కు ఒకటిన్నర మంది టీచర్లు పడతారనుకుంటే ఒక్కొక్కరికి ఏడాదికి 4 లక్షల 80 వేలు, నెలకు 40 వేలు. ఆయాలు, డ్రైవర్లు, ఆఫీసు వాళ్ల జీతాలు కూడా ఆ సగంలోంచే తీస్తే కొంత తగ్గుతుంది. అయినా 22 వేలకు, అందులోనూ మేలో 11 వేలకు రాదు. మీ స్కూల్ అసలు ఫీజు, అసలు పిల్లల సంఖ్య వేసి ఈ లెక్క నువ్వే చేయి. మేనేజ్‌మెంట్‌తో పోట్లాడటానికి కాదు. ‘నా విలువ 22 వేలే’ అని నీ మనసులో పడిపోయిన ముద్ర చెరిపేసుకోవడానికి.

జీతం పెంచమని అడిగే వేళ ఒకటుంటుంది. జూన్‌లో అడిగితే కొత్త టీచరును తెచ్చుకుంటారు. జనవరి, ఫిబ్రవరిలో, పదో తరగతి ప్రీఫైనల్ ముందు, లెక్కల టీచరును వదులుకునే ధైర్యం ఏ ప్రిన్సిపాల్‌కూ ఉండదు. ఆ లోపు ఇంకో రెండు స్కూళ్లలో డెమో ఇచ్చి ఉండు. కోకాపేట, తెల్లాపూర్, నార్సింగి వైపు సీబీఎస్ఈ, ఇంటర్నేషనల్ బడుల్లో మంచి లెక్కల టీచరుకు నీ ఇప్పటి జీతం కన్నా బాగానే ఇస్తారు. అక్కడ అడిగేది రెండు. క్లాసులో మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషులో మాట్లాడగలగడం, ఇరవై నిమిషాల డెమోలో ఒక్క విషయాన్ని తేటగా చెప్పగలగడం. రెండోది నీకుంది, ఆ అమ్మాయి సాక్ష్యం. మొదటిది లేకపోతే ఈ ఏడాది నీ క్లాసుల్లోనే అలవాటు చేసుకో. మల్కాజిగిరి నుంచి రోజూ అటు తిరగడం ఒంటికి మంచిది కాదు, మారితే రూము కూడా మార్చు.

వెళ్లేటప్పుడు ఉత్తచేతులతో వెళ్లకు. చాలామంది ప్రైవేటు టీచర్లకు తెలియని సంగతి, గ్రాట్యుటీ వాళ్లకూ వర్తిస్తుంది. 2009లో చట్టం సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లను అందులోకి తెచ్చారు. స్కూళ్లు కోర్టుకు వెళ్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. ఐదేళ్లు నిండాలి, నీకు ఆరు నిండాయి. నీ 22 వేలూ మూలవేతనమే అయితే దాన్ని 15తో హెచ్చించి 26తో భాగించి ఆరుతో గుణించు. 76 వేల పైచిలుకు వస్తుంది. మీ స్కూల్లో ఇరవై మంది గానీ అంతకు పైన గానీ పనిచేస్తుంటే, నువ్వు చేరినప్పుడు నీ మూలవేతనం, డీఏ కలిపి 15 వేలు దాటకపోతే, పీఎఫ్ కూడా కట్టాల్సిందే. వీటిని నిరూపించుకోవడానికి కాగితం కావాలి. అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, నీ పేరున్న టైంటేబుల్, పదో తరగతి డ్యూటీ ఆర్డర్లు, ఏవుంటే అవి ఇప్పటి నుంచే ఒక ఫైలులో పెట్టు. చేతికి నగదు ఇస్తున్నట్టయితే వచ్చే నెల నుంచి అకౌంట్లో వేయమని అడుగు.

ఒరిజినల్స్ మాత్రం ఈ నెలలోనే తీసుకో. అవి నీ సొత్తు, వాటిని బీరువాలో పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. ‘సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఉంది’ అని నోటిమాటగా అడిగితే రేపు, ఎల్లుండి అంటారు. తేదీ వేసి, ఏయే సర్టిఫికెట్లో పేర్లు రాసి, కాగితం మీద అడుగు. ఒక కాపీ మీద ఆఫీసు వాళ్ల సంతకం తీసుకో. నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఇలాగే బీరువాలో ఇరుక్కున్న డిగ్రీ మెమో కోసం తిరుగుతూ వెరిఫికేషన్ తేదీ దాటబెట్టుకోబోయింది. ఆఖరి రోజు సాయంత్రం వాళ్ల నాన్న వెళ్లి స్కూలు గేటు ముందు కూర్చుంటే ఇచ్చారు. నీకా అవస్థ వద్దు.

ట్యూషన్ల గురించి నువ్వు అడగలేదు కానీ, నీ చుట్టూ అందరూ అదే చెప్తుంటారు. టీచరుగా ఉన్నవాళ్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో 28వ సెక్షన్ ఉంది. చట్టం ఒకవైపు పెట్టినా, నా మనసులో మాట చెప్తాను. తన క్లాసు పిల్లలకే సాయంత్రం ట్యూషన్ చెప్పే టీచరు, పొద్దున పాఠంలో ఏదో ఒకటి మిగిల్చి పెట్టుకోవడానికి అలవాటు పడతాడు. నాకు తెలిసి మంచివాళ్లూ పడ్డారు. నీ సాయంత్రాలు టెట్‌కివ్వు.

మీ బావను తప్పు పట్టకు. ఆయన నీ మంచి కోరే చెప్తున్నాడు. ఆ పని కూడా గౌరవమైన పనే. నీకు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక సమస్యను గంటల తరబడి విడదీయడంలో సరదా ఉంటే నేను అడ్డం రాను, లెక్కలవాడికి అది కష్టమూ కాదు. కానీ నువ్వు రాసిన ఉత్తరంలో ఆ సరదా ఎక్కడా లేదు, జీతమే ఉంది. మూణ్నెల్ల కోర్సు అయ్యాక ఉద్యోగం వస్తుందన్న ధీమా అమీర్‌పేట బోర్డుల మీద ఉన్నంత తేలిగ్గా బయట ఉండదు. నీకన్నా ఏడేళ్లు చిన్నవాళ్లు, నాలుగేళ్లు అదే చదివినవాళ్లు నీ పక్కన నిలబడతారు. ‘నేను చూసుకుంటా’ అన్న బావను ఒక్కటి అడుగు. ‘మీ కంపెనీలో నిరుడు, ఇలా కోర్సు చేసి వచ్చిన ముప్పై ఏళ్లవాళ్లను ఎంతమందిని తీసుకున్నారు?’ ఆయన చెప్పే సంఖ్యను బట్టి ఆలోచించు.

పెళ్లి సంగతికి ఎక్కువ రాయను. ‘ప్రైవేటు టీచరా’ అన్నవాళ్లు నీ జీతాన్ని చూశారు, అందులో వాళ్ల తప్పు కూడా పెద్దగా లేదు. కిరాయి, ఇంటికి పంపేది పోను నీ చేతిలో మిగిలేది 8,500. ఆడపిల్లను పంపే తల్లికి భయం ఉంటుంది. నా సలహా, ఈ రెండేళ్లు అమ్మను సంబంధాలు ఆపమని చెప్పు. ఒక్కో ఆదివారం ఒక్కో అవమానం మోసుకుని సోమవారం క్లాసుకు వెళ్లకు.

రెండేళ్లు అన్నాను. అదే నీ గడువు. నీ 31వ పుట్టినరోజు నాటికి ప్రభుత్వ పోస్టు గానీ, నెలకు 40 వేలు ఇచ్చే స్కూలు గానీ చేతిలో ఉండాలి. లేకపోతే అప్పుడు వదిలేయి. తలదించుకోకుండా వదిలేయి. ఎందుకంటే డబ్బు దాచుకోలేని టీచరుకు కష్టకాలం వస్తే ఏమవుతుందో కూడా నేను చూశాను.

2020 ఆగస్టు. స్కూళ్లు మూసి ఐదు నెలలైంది. రామ్‌నగర్‌లో మందులషాపు నుంచి వస్తుంటే రోడ్డు పక్కన కొత్తగా ఒక టిఫిన్ బండి. మాస్కు పెట్టుకున్న అబ్బాయి పొట్లాలు కడుతున్నాడు. నన్ను చూసి గబుక్కున వెనక్కి తిరిగి ఇడ్లీ పాత్ర మూత తీశాడు, ఆవిరిలో మొహం కనబడకుండా. ఆ తిరగడంలోనే గుర్తుపట్టాను. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లాడు, ఉప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తున్నాడని తెలుసు. ‘రెండిడ్లీ కట్టు నాన్నా’ అన్నాను. మాట్లాడకుండా కట్టాడు. చట్నీ రెండు పొట్లాలు పెట్టాడు. ‘ఆన్‌లైన్ క్లాసులకు ఇద్దరు టీచర్లు చాలన్నారు మేడం’ అని మాత్రం అన్నాడు. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేను బండి మీద పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆ పొట్లం విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మరుసటేడు ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చినప్పుడు ఆ వరసలో అతనూ నిలబడ్డాడు.

అతను వదల్లేదు. పొద్దున బండి, మధ్యాహ్నం చదువు. 2023 గురుకుల నోటిఫికేషన్‌లో టీజీటీగా ఎంపికై గద్వాల వైపు వెళ్లాడు. ఇప్పుడు జీతానికి లోటు లేదు. కానీ గురుకులమంటే రాత్రి డ్యూటీలు, స్టడీ అవర్లు, జ్వరమొచ్చిన పిల్లాణ్ని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లడం. భార్య ఉప్పల్లో ప్రైవేటు ఉద్యోగం, రెండేళ్ల పాప. నెలకు రెండు ఆదివారాలు వస్తాడు. పాప మొదట గుమ్మం దాకా వచ్చి ఆగి చూస్తుందట, తర్వాత ఎత్తుకోనిస్తుందట. నువ్వు గురుకులాలకు రాసేటప్పుడు ఇది కూడా లెక్కలో వేసుకో. అతను నాకు ఫోన్ చేసినప్పుడు బాధ చెప్తాడు, మారిపోవాలని మాత్రం అనడు. తన క్లాసులో ఫలానా పిల్లాడు మ్యాపులో తుంగభద్రను వేలితో వెతికి పట్టుకున్నాడని మొదలుపెడితే పావుగంట ఆపడు.

నీ ఉత్తరంలోనూ జీతం గురించి రాసిన వాక్యాలన్నీ పొట్టిగా ఉన్నాయి. ఆ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి నీ చేతిరాతే మారింది. అది చూసే ఉండమన్నాను. అంతకన్నా వేరే కారణం నా దగ్గర లేదు.

ముందు శనివారం నాడు ఒరిజినల్స్ కోసం కాగితం ఇచ్చి రా. తర్వాత నీ టెట్ మార్కులు, సబ్జెక్టు వారీగా ఎక్కడ ఎన్ని వచ్చాయో నాకు రాసి పంపు, ఏది ముందు చదవాలో కలిసి చూద్దాం.

ఇంకొకటి. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో నేను ఏళ్ల తరబడి, అప్పు తీసేస్తే ఆస్తి పెరిగినట్టే అని కిరాణా ఖాతా చూపించి చెప్పాను. సగం మందికి ఎక్కేది, సగం మంది నా మొహం చూసి తలూపేవారు. నువ్వు ఒక పీరియడంతా చెప్పి ఏడాదంతా నోరు విప్పని పిల్లకు అర్థం చేయించావు. ఎలా చెప్పావో రాయడం మర్చిపోయావు. అది కూడా రాయి. నాకు నేర్చుకోవాలని ఉంది.